నాలుకపై ఉన్న ఫాతిహా మనసుకు చేరాలంటే

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా! ఐదు పూటల ఫర్జ్ నమాజుల్లో 17 రకాతులున్నాయి. అన్ని సార్లు సూరె ఫాతిహాను మనం పఠిస్తాము, లేదా ఇమాము పఠిస్తుండగా నిలబడి ఉంటాము. నలభై ఏళ్లుగా నమాజు తప్పని మన కారంచేడు పెద్దాయన ఒకరు మొన్న మా చెయ్యి పట్టుకొని, "హజ్రత్, ఇన్నేళ్లుగా నేను అల్లాహ్‌ను ఏమడుగుతున్నానో చెప్పండి" అన్నారు. సిగ్గుపడవలసింది ఆయన కాదు, మేము.

ఎందుకంటే మేము మక్తబ్‌లో ఎన్నో ఏళ్లు అరబీ పాఠాన్ని ఉర్దూలోనే వివరించాము. మేము అలాగే నేర్చుకున్నాము కనుక. ఒకనాడు ఒక పిల్లవాడిని 'సిరాతల్ ముస్తఖీమ్' అంటే ఏమిటని అడిగితే, "సీధా రాస్తా" అని ఠక్కున చెప్పాడు. సీధా రాస్తా అంటే ఏమిటన్నాము. మౌనం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడి నెత్తిన ఒక పరాయి భాషకు బదులు రెండు పెట్టామన్నమాట. "తిన్నని దారి" అని చెప్పగానే వాడి ముఖం వెలిగింది. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపినట్లు సూరె ఇబ్రాహీమ్ నాలుగవ ఆయతు తెలుపుతున్నది. ఉర్దూ రానివాడు తక్కువ ముస్లిం అనే మాట ఇకనైనా మానుకుందాము.

దైవప్రవక్త (సఅసం) ఆదేశంతో జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని 15 రోజుల్లో నేర్చుకున్నారని తిర్మిజీలోని హదీసు చెబుతున్నది. ఆ మేధస్సు మనకు లేకపోవచ్చు. కాని ఆయన నేర్చిన వెంటనే ఉత్తరాలు చదివారు, జవాబులు రాశారు. నేర్చినదానికి రోజూ పని కల్పించారు. మనకు ఆ పని నమాజే. ఉదయం నేర్చిన పదం జుహర్‌లోనే ఎదురవుతుంది.

బిస్మిల్లాహ్‌తో కలిపి ఫాతిహాలో 29 పదాలున్నాయి. రోజుకొకటి చొప్పున ఒక నెల చాలు. అరబీ పదాలు చాలావరకు మూడేసి అక్షరాల వేరు నుంచి మొలకెత్తుతాయి. 'హమ్ద్' అంటే స్తోత్రం. అహ్మద్, మహమూద్, హామిద్, ముహమ్మద్ అన్నీ ఆ వేరువే. 'రహ్మాన్', 'రహీమ్' తెలిస్తే, చనిపోయినవారిని మనం 'మర్హూమ్' అని ఎందుకంటామో తెలుస్తుంది. కరుణ పొందినవారని దాని అర్థం. కనుక నోటుబుక్కులో పదాన్ని ఒంటరిగా రాయకండి, దాని బంధువులతో సహా రాయండి.

మన తెలుగులోనే ఎన్ని అరబీ మాటలున్నాయో చూడండి: హక్కు, జవాబు, బాకీ, హాజరు, అసలు. అంతెందుకు, 'రైతు' అనే మాటే 'రఇయ్యత్' నుంచి వచ్చింది. కాపరి సంరక్షణలోని మంద, పాలకుని సంరక్షణలోని ప్రజలు అని దాని అర్థం. మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, తమ రఇయ్యత్ గురించి ప్రశ్నించబడతారన్న హదీసును ఈ ఊరి రైతు విన్నప్పుడు, ఆ మాట అతనికి పరాయిది కాదు.

ఒక్క హెచ్చరిక. అరబీని తెలుగు లిపిలో రాసుకోవడం కొద్దిరోజులకు ఊతకర్ర మాత్రమే. అరబీలో రెండు వేర్వేరు 'హ'లున్నాయి, మన లిపిలో ఒక్కటే. 'ఖల్బ్' అంటే హృదయం, 'కల్బ్' అంటే కుక్క! ఆ తేడాను కాగితం నేర్పదు, చెవి నేర్పాలి. ఈజిప్టు ఖారీ మహ్మూద్ ఖలీల్ అల్ హుస్రీ 1961 నాటికే ఖుర్ఆన్ మొత్తాన్ని నిదానమైన పఠనంలో రికార్డు చేశారు. ఆ పఠనం ఇప్పుడు మీ జేబులోని ఫోనులో దొరుకుతుంది. ఒక ఆయతు విని, ఆపి, మీరు పలికి, మీ గొంతును రికార్డు చేసి పోల్చుకోండి. తప్పులు దొర్లుతాయి. తడబడుతూ శ్రమించి చదివేవారికి రెండింతల పుణ్యమని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. అందుచేత మనవళ్ల ముందు తడబడటానికి తాతలు వెనుకాడవద్దు.

ఈ రాత్రి ఇషా తరువాత ఒక నోటుబుక్కు, పెన్ను తీసుకొని రండి. పాఠం తెలుగులోనే ఉంటుంది. రాసుకున్నది ఇంటికెళ్లి ఆడవాళ్లకు చూపండి. మొదటి పదం 'హమ్ద్'. ఆ పెద్దాయన ముందు వరుసలో కూర్చుంటానన్నారు.

ఓ అల్లాహ్! ప్రవక్త మూసా (అలై) తన నాలుక ముడి విప్పమని నిన్ను వేడుకున్నట్లే మేమూ వేడుకుంటున్నాము. ఆమీన్.