ఇల్లు విడువని వ్యాపారము
(రజతోత్సవ మహిళాసభ యందలి ఉపన్యాసపాఠము)



వేసవి వచ్చినదనిన మన ఊళ్ళలో డాబాలమీదను, వాకిళ్ళలోను అప్పడములు, వడియములు ఎండుచుండును. వానిని చేయు చేతులకు ఏనాడును కూలి లెక్క లేదు. ఆ చేతులే నాలుగు పొట్లములు అదనముగా కట్టి అమ్మదలచినచో ఇంటిలో మొదట వినవచ్చు మాట, "మన ఇంటి ఆడవారు అప్పడములు అమ్ముకొనుటయా?" అని. రెండవ మాట, "ఎవరు కొందురు?" అని. చంటిబిడ్డను విడిచి పనికి పోజాలని తల్లి ఈ రెండు మాటలకును జడిసి, పిల్లవాని బడి జీతమునకు నగ కుదువ పెట్టుచున్నది. మొదటి మాటకు సిగ్గుపడ నక్కరలేదు. రెండవ మాటకు మాత్రము జవాబు వెదకుకొనవలెను.

ఆ జవాబును బొంబాయిలోని గిర్గాఁవ్ పేటయందు ఏడుగురు గుజరాతీ గృహిణులు ఏనాడో చెప్పిరి. 1959వ సంవత్సరము మార్చి 15వ తేదీన వారు తమ భవనపు డాబామీద కూడి, 80 రూపాయల అప్పుతో అప్పడముల పని ఆరంభించిరి. తొలినాడు తయారైనవి నాలుగు పొట్లములు. ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ అను సంఘసేవకుడు వారికి అప్పునిచ్చుటయే గాక మార్గమును జూపెను. నష్టము వచ్చినను ఎవరినుండియు దానము పుచ్చుకొనరాదని వారు నియమము చేసుకొనిరి. మొదట రెండు రకములు చేసి, ఒకటి చౌకగా అమ్మజూడగా, పారేఖ్ వారించి, మేలిరకము నొక్కదానినే చేయుడనియు, లెక్కలు సరిగా వ్రాయుడనియు బోధించెను. తొలి వర్షాకాలమున అప్పడములు ఎండక నాలుగు నెలలు పని నిలిచిపోయెను. మరుసటి యేడు మంచముపై అప్పడములు పరచి, క్రింద పొయ్యి నుంచి ఆరబెట్టిరి. మొదటి సంవత్సరపు అమ్మకము 6,196 రూపాయలు. "లిజ్జత్" అను పేరు 1962లో వచ్చినది. గుజరాతీలో ఆ మాటకు రుచియని యర్థము. నేడు ఆ సంస్థలో నలువదివేలకు పైగా స్త్రీలు భాగస్వాములు. పలువురు కలిపిన పిండిని ఇంటికి గొనిపోయి ఒత్తి తెచ్చెదరు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఆ తొలి దినములలో వారికి ప్రకటనలకు డబ్బు లేదు. విరిగిన అప్పడములను ఇరుగుపొరుగులకు పంచిపెట్టిరి. తిన్న నోరే చాటింపు వేసినది. ఇందు గ్రహింపదగిన ధర్మము చిన్నది: పారవేయవలసిన దానితోనే పేరు సంపాదింపవచ్చును. సున్నుండలు చేయు తల్లి నలిగిన ఉండలను, పచ్చడి పెట్టు తల్లి జాడీ అడుగున మిగిలిన గరిటెడు పచ్చడిని పది ఇండ్లకు రుచి చూపవచ్చును. మూడు దినములు గడచిన పిమ్మట పోయి, "ఉప్పు సరిపోయినదా? కారము మించినదా?" అని యడుగవలెను. చుట్టరికముచేత ఒకసారి కొన్నవారిని లెక్కపెట్టుకొని మురియరాదు. రెండవసారి తమంతట అడిగి కొన్నవారే నిజమైన ఖాతాదారులు.

ఊరి పేరును ప్రకటనయే. ఆత్రేయపురమున బోర్లించిన కుండపై పలుచని రేకులు తీయు స్త్రీల పనితనమువలన ఆ గ్రామనామము పూతరేకులకు మారుపేరైనది. 2023లో వానికి భౌగోళిక గుర్తింపును లభించినది. కావున పొట్లముపై ఊరి పేరు వ్రాయుటకు సంకోచింప నక్కరలేదు. అందమైన అచ్చు లేకున్నను రబ్బరు ముద్ర చాలును. కాని ముద్ర వేసిన వెనుక తూకము తగ్గరాదు, రుచి మారరాదు. ముద్ర మంచిపేరును ఎట్లు మోయునో, చెడ్డపేరును అట్లే మోయును.

ఇక ధర సంగతి. ఉదాహరణమునకు, కిలో అప్పడములకు సరకులు 120 రూపాయలు, గ్యాసు మొదలగువానికి 10, సంచులకు 10 అగుననుకొనుడు. మొత్తము 140. ఇల్లాలు ఇంతవరకే కూడి, 160కి అమ్మిన 20 మిగులునని సంతసించును. కిరాణా దుకాణమువాడు అమ్మకపు ధరలో నూటికి 15 చొప్పున 24 రూపాయలు పట్టుకొనును. ఆమె చేతికి వచ్చునది 136. నాలుగు రూపాయలు నష్టము, మూడు గంటల రెక్కల కష్టము ఉచితము! తన పనికి 60 కట్టుకొని 240కి అమ్మిన, దుకాణపు వాటా 36 పోగా 204 దక్కును. ఆ ధరకు కొనువారు లేరని తోచిన, ఖర్చు తగ్గించు ఉపాయము చూడవలెను, లేదా దుకాణముతో పనిలేక నేరుగా అమ్మవలెను. తన కూలిని మాత్రము లెక్కలోనుండి కొట్టివేయరాదు.

ఇట్లు హెచ్చరించుటకు కారణము మన గోదావరి తీరముననే కలదు. నరసాపురము పరిసరములలో వేలాది స్త్రీలు ఇండ్లలో కూర్చుండి లేసు అల్లుదురు. ఆ లేసు సముద్రములు దాటి పోయినది. మారియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథములో ఆ స్త్రీల స్థితిని వివరించెను. అల్లినవారు "ఊరకే కూర్చుండు గృహిణులు"గా ఎంచబడిరి. సంత వర్తకుల చేతిలో నుండెను. కూలి అత్యల్పము. కొనువాని ముఖము ఎరుగనివారికి తమ వస్తువు విలువయు తెలియదు. కావున తొలి పది పొట్లములైనను స్వయముగా అమ్మి, కొనువారితో మాటలాడుట అవసరము.

పెట్టుబడి లేనివారు సమయము నెరిగి అమ్మవలెను. ఆవకాయ దినములు, సంక్రాంతి అరిసెలు, పెండ్లిండ్ల సారె: వీనికి ముందుగా సగము సొమ్ము పుచ్చుకొని చేసినచో అప్పు చేయ నక్కరయుండదు, సరకు మిగిలి పాడగు భయమును ఉండదు. అరువు అడిగినవారికి కోపింపక, "పాత బాకీ తీరిన పిమ్మట ఇచ్చెదను, వదినా" అని నవ్వుచు చెప్పుట నేర్చుకొనవలెను. చేతిఫోనులో సరకు బొమ్మ, తూకము, ధర, దొరకు దినము వారమున కొకమారు పంపిన చాలును. దినమునకు పదిమారులు పంపినచో చుట్టములును చూడ మానుదురు. ఈ పచ్చడి తిన్న రోగము పోవునని బొంకరాదు. తినుబండారములు అమ్మువారు 2006 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద పేరు నమోదు చేయించుకొనవలెను. కట్టిన పొట్లముపై కలిపిన పదార్థములు, నికర తూకము, చేసిన తేదీ, చేసినవారి చిరునామా ఉండవలెను. అది భయపడవలసిన పని గాదు. తెలియని ఊరివారికి అదియే నమ్మకము.

ఇందు గ్రంథాలయమునకును బాధ్యత కలదు. వార్తాపత్రికలు చదువు బల్లప్రక్కన గోడకొక పలక కట్టి, ఊరి తల్లులు చేయు వస్తువుల పేర్లు, ధరలు వ్రాయవచ్చును. లెక్క రానివారికి లెక్కపుస్తకము వ్రాయుట ఆదివారమునాడు నేర్పవచ్చును. నమోదు కాగితములు నింపుటకు చదువుకున్న పడుచువారు తోడ్పడవచ్చును. పుస్తకము చదివినవారి తెలివి పొరుగింటి పొయ్యికి ఉపయోగపడిననాడే గ్రంథాలయము ఊరిదగును.

గిర్గాఁవ్‌లో నాడు కట్టినవి నాలుగు పొట్లములే. ఈ సభనుండి ఇంటికి పోయిన తల్లి రేపు నాలుగు పొట్లములు తూచి కట్టి, అయిదవ కాగితముపై తన కూలితో సహా ఖర్చు వ్రాసుకొనినచో ఆమె వ్యాపారము ఆరంభమైనట్లే. ఆ కాగితమును చూచి ఇంటివారు "ఎవరు కొందురు?" అని అడుగుట మాని, "రేపు ఎన్ని కట్టవలెను?" అని అడుగుదురుగాక!