వరదలో రహదారి



శీతల దేశములలో హేమంతము వచ్చినదనగా రహదారుల శాఖవారికి కంటిమీద కునుకుండదు. మోకాలిలోతు మంచు కురిసి బండ్లు నిలిచిపోవును. యంత్రములతో మంచును ప్రక్కకు త్రోయుదురు. ఉప్పు చల్లి కరగింతురు. మంచు తొలగిన పిమ్మట రోడ్డు మరల కనుపించును. మన నెల్లూరు తీరమున మంచు కురియదు. మనకు కార్తిక మాసపు వాయుగుండమున్నది. అది దారిని మూసి ఊరకుండదు. ఒక్కొక్కసారి దారినే కోసికొనిపోవును.

ఈ సీమ పటమును ఒకమారు మనసున నిలుపుకొనుడు. ఏరులు పడమటి కొండలనుండి తూర్పు సముద్రమునకు పారును. చెన్నై–కోల్‌కతా రహదారియు, రైలుమార్గమును, బకింగ్‌హాం కాలువయు ఉత్తర దక్షిణములుగా సాగును. నీరు గీసిన గీతలను మనుష్యుడు గీసిన గీతలు అడ్డముగా ఖండించుచున్నవి. మన్నేరు, పెన్న, కండలేరు, స్వర్ణముఖి, కాళంగి – ఇన్నింటిని దాటనిదే ఈ దారి సాగదు. ఏటి వానలో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురియును. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక్క సెంటీమీటరు వాన పడినచో, అది కోటి లీటర్ల నీరు. అదంతయు సముద్రమునకు పోవలసినదే. దారిలో రోడ్డుకట్ట అడ్డముగా నున్నది.

2015 నవంబరులో గూడూరు, మనుబోలు ప్రాంతమున రహదారిపై నీరు పొంగి రాకపోకలు నిలిచినవి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిపైని అన్నమయ్య ఆనకట్ట తెగినది. ఆ వరద పెన్నలో కలిసి దిగువకు వచ్చినది. కోవూరు చెంత పడుగుపాడువద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయినది; జాతీయ రహదారియు గండిపడినది. ఎక్కడో కురిసిన వాన ఇక్కడి దారిని తెంచినది. లారీలు బారులు తీరినవి. పాలు, కూరగాయలు, రొయ్యలు ఒక్కదినము ఆగినను చెడునవే. రొయ్యల పెట్టెలోని మంచుగడ్డ కరగుచుండగా రైతు ఏడాది కష్టమును దానితోపాటు కరగును. ప్రసవవేదనపడు తల్లికి ఆ గండి ఎంత దూరమో చెప్ప నక్కరలేదు.

కట్ట ఎట్లు తెగును? నీరు రోడ్డు మీదుగా పొర్లి, ఆవలి వాలుపై జారి, అడుగునుండి మట్టిని తొలుచును. పైన తారు చెక్కుచెదరనట్లే యుండును, లోపల డొల్ల. కావున నీరు పారుచున్న రోడ్డును కంటితో నమ్మరాదు. అడుగులోతు ప్రవాహము చిన్నకారును తేల్చగలదు; రెండడుగుల ప్రవాహము చాల బండ్లను ఈడ్చుకొనిపోగలదు.

మరి నివారణ యేమి? రోడ్డును ఎత్తు చేసినంత మాత్రమున చాలదు. తూములు పెంచక కట్టను మాత్రమే పెంచినచో రోడ్డు ఆనకట్టయై పడమటి ఊళ్లను ముంచును. ముందు నీటికి దారి యిచ్చి, పిమ్మట బండికి దారి వేయవలెను. తూములను వానకు ముందే పూడిక తీయవలెను. చేపల, రొయ్యల చెరువుల గట్లు పూర్వపు వాగులను మూయకుండ చూడవలెను. నీరు పొర్లక తప్పనిచోట వాలులకు రాతికట్టడము వేసిన చప్టా నిర్మించుట మేలు; వరద తగ్గగనే దారి తిరిగి దొరకును.

ఏబది యేండ్లకు ఒకసారి వచ్చు వరద యనగా ఏబది యేండ్లదాక రాదని అర్థము కాదు. ఏయేడైనను నూటికి రెండుపాళ్లు రావచ్చునని అర్థము. ఆ లెక్కన ఏబది యేండ్లు నిలువవలసిన వంతెన అట్టి వరదను ఒకసారియైనను చూచుటకు నూటికి 64 పాళ్లు అవకాశమున్నది. దానిని అపూర్వమనుట తగదు. అది రాదగిన అతిథియే.

మన పెద్దలు ఇల్లు కట్టునపుడు వాననీరు ఎటు పోవునో ముందు చూచెడివారు. రోడ్డు వేయువారును ఆ ప్రశ్ననే ముందు అడిగినచో, రాబోవు కార్తికమున కొందరైనను చీకటిపడకముందే ఇల్లు చేరుదురు.