చౌక రైఫిలు – నిజమైన లెక్క
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశ ప్రయాణంలో చూసిన విశేషం ఒకటి చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు నయాగరా జలపాతం గురించి చక్కగా చెప్పారు. నేను తుపాకీ గురించి చెబుతాను. నవ్వకండి. సర్వీసులో కొన్నేళ్లు కలెక్టరాఫీసు మెజిస్టీరియల్ సెక్షనులో ఆయుధ లైసెన్సుల ఫైళ్లు చూసినవాణ్ణి. అంతకు ముందు, 1963 నుంచి 1968 వరకు కాలేజీల్లో ఎన్.సి.సి. నిర్బంధంగా ఉన్న రోజుల్లో, పాయింట్ టూ టూ రైఫిలుతో పాతిక గజాల దూరం నుంచి కాల్చినవాణ్ణి. మీలోనూ చాలామంది కాల్చే ఉంటారు.

మా పెద్దబ్బాయి అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నగరం దగ్గర ఉంటున్నాడు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. మేము వెళ్ళేసరికి వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద ఒక టార్గెట్ కాగితం అంటించి ఉంది. దాని మీద మూడే మూడు రంధ్రాలు, రూపాయి బిళ్ళ కింద దాగిపోయేటంత దగ్గరగా ఉన్నాయి. "కొత్త రైఫిలు, నాన్నగారూ. చౌకలో వచ్చింది. ఎంత బాగా కొడుతోందో చూడండి" అన్నాడు. కోడలు పక్కనే ఉంది గాని ఒక్క మాటా అనలేదు. వాళ్ళకు తొమ్మిదేళ్ల కొడుకున్నాడు.

ఆ రైఫిలు పేరు రూగర్ 10/22. 1964లో బజారులోకి వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. కాల్చేది మన ఎన్.సి.సి. తూటా సైజే. కాని మనం ప్రతి తూటాకూ బోల్టు చేత్తో లాగేవాళ్ళం. ఇది సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటా పేలుతుంది. ఆ వెంటనే ఖాళీ తొడుగును బయటికి విసిరి, తర్వాతి తూటాను తనే ఎక్కించుకుంటుంది. గొట్టం పద్దెనిమిదిన్నర అంగుళాలు, బరువు సుమారు రెండుంపావు కిలోలు, మేగజైనులో పది తూటాలు. సాదా రకం ధర మూడు నాలుగు వందల డాలర్లు.

దుకాణంలో కొనేవారు 4473 నంబరు ఫారం పూర్తి చేయాలి. 1998 నుంచి నేరచరిత్ర తనిఖీ కూడా ఉంది. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోరాదు. 2019 సవరణ తర్వాత సామాన్యంగా ఒకరికి రెండింటికి మించి వీల్లేదు. అక్కడి పద్ధతి వేరు.

"ఒక్క కాగితం చూసి వస్తువును మెచ్చుకోకు. పరీక్ష చేద్దాం పద" అన్నాను. శనివారం షూటింగ్ రేంజికి వెళ్ళాం. విజిటర్ వీసా మీద వెళ్ళినవాడు, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, అక్కడ తుపాకీ పట్టుకోకూడదు. అందుచేత కాల్చడం వాడి వంతు, వ్రాయడం నా వంతు. గుమాస్తాకు అంతకంటే కావలసిందేముంది!

కాలేజీలో ఉస్తాద్ గారు నేర్పిన పాఠం నాకింకా గుర్తుంది. గుండ్లన్నీ ఒకచోట గుంపుగా పడటం వేరు, ఆ గుంపు సరిగ్గా నడిమధ్య పడటం వేరు. గుంపు పక్కకు పడితే సైటు సర్దుకోవచ్చు. గుంపే చెదిరితే లోపం రైఫిలులోనో, తూటాలోనో, కాల్చేవాడిలోనో ఉందన్నమాట. అందుకే ముందు గుంపు కొలవాలి.

దూరం యాభై గజాలు. చెయ్యి కదలకుండా రైఫిలును ఇసుక సంచి మీద ఆనించాడు. పెద్ద డబ్బాల్లో గంపగుత్తగా అమ్మే చౌక తూటాలు ఒక రకం, గురి పోటీల కోసం చేసినవి రెండో రకం. ఒక్కో రకంతో ఐదేసి గుండ్ల గుంపులు ఐదు. చౌక రకానికి వచ్చిన అంగుళాలు 1.6, 2.4, 1.9, 2.9, 1.7. సగటు 2.1. పోటీ రకానికి 0.9, 1.3, 1.1, 1.5, 1.2. సగటు 1.2. రైఫిలు అదే, మనిషి అతడే, మారింది తూటా ఒక్కటే. చౌక రకంలో ఒకటి పేలనే లేదు. ఈ తూటాల్లో మందు అడుగు అంచులో ఉంటుంది. అది అంచంతా సమంగా పరుచుకోకపోతే ఇలా మొరాయిస్తుంది.

2.9 వచ్చినప్పుడు మావాడు "అది నా చెయ్యి వణికి పోయింది. వదిలేయండి నాన్నగారూ" అన్నాడు. "రిజిస్టరులో కొట్టివేతలు ఉండవురా. రిమార్కు వ్రాస్తాను గాని అంకె తీయను" అన్నాను. మంచివి ఉంచుకుని చెడ్డవి పారేస్తే ఏ తుపాకీ అయినా గొప్పదే.

మరి ఫ్రిజ్ మీది కాగితం మాటేమిటి? అది పాతిక గజాల నుంచి కాల్చింది. దాని గుంపు ముప్పావు అంగుళం. యాభై గజాలకు రెట్టింపు, అంటే ఒకటిన్నర. మూడు గుండ్లకు బదులు ఐదు కాలిస్తే గుంపు సగటున మరో పావు వంతు పెరుగుతుంది. అంటే దాదాపు రెండంగుళాలు. చౌక తూటాలతో మాకు వచ్చిన 2.1 దానికి దగ్గరే! ఆ కాగితం అబద్ధం చెప్పలేదు. తక్కువ చెప్పింది, అంతే.

నా తీర్పు ఏమంటే, ఆ ధరకు అది మంచి వస్తువే. నేర్చుకునేవాడికి, వారాంతంలో కాగితం మీద గురి చూసేవాడికి చాలు. పోటీలకు వెళ్ళేవాడికి చాలదు.

అయితే లెక్క అక్కడితో పూర్తి కాలేదు. ఇంటికి వచ్చాక "దీన్ని ఎక్కడ పెడతావు?" అని అడిగాను. బట్టల అలమారా పై అరలో, దుప్పట్ల వెనక చూపించాడు. "ఖాళీయే లెండి" అన్నాడు. ఈ రైఫిలు సాదా రకంలో ఆఖరి తూటా పేలాక కూడా బోల్టు మూసుకునే ఉంటుంది. మేగజైను తీసేసినా గొట్టంలో ఒకటి మిగిలి ఉండవచ్చు. పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. "బోల్టు లాగి చూపించు" అన్నాను. ఖాళీగానే ఉంది. కాని వాడు చూడకుండానే ఖాళీ అన్నాడు. నా గుండె ఝల్లుమన్నది అందుకు. ఆ చిన్న తూటా మైలుకు పైగా పోగలదు.

తూటా ఎక్కించిన తుపాకీని అజాగ్రత్తగా వదిలిపెట్టగా అది పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందితే టెక్సాస్ చట్టంలోనూ నేరమే. వాడికి అది చెప్పాను. మర్నాడే తాళంవేసే ఇనుప పెట్టె కొన్నాడు. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళంచెవి. ఆ పెట్టెలు, చెవుల కప్పులు, కళ్ళజోళ్ళు, తూటాలు, రేంజి రుసుము కలిపి మొదటి ఏడాదికి లెక్క వేస్తే రైఫిలు ఖరీదుకు రెట్టింపు తేలింది. ఆ రాత్రి కోడలు "మామయ్యగారూ, ఇన్నాళ్ళకు నా మనసులోని మాట మీరడిగారు" అంది.

మిత్రులారా, మన పిల్లలు చాలామంది ఆ దేశంలో ఉన్నారు. తుపాకీ కొనుక్కోవద్దనే అధికారం మనకు లేకపోవచ్చు. అడిగే హక్కు మాత్రం తాత, బామ్మలకు ఎక్కడైనా ఉంది. ఈసారి ఫోనులో మాట్లాడేటప్పుడు మొగమాటం లేకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఇంట్లో ఉందా? తాళం వేశారా? ఖాళీ అని ఈ రోజు ఎవరు కళ్ళారా చూశారు? మీ మనుమలు ఆడుకోవడానికి వెళ్ళే ఇళ్ళ సంగతి కూడా కనుక్కోమనండి.