అద్దె మైదానం, సొంత ఆట



మాది సౌదీలోని రాస్ తనూరా. 1945 నుంచి చమురు శుద్ధి కర్మాగారం నడుస్తున్న ఊరు. అక్కడ నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. మా అబ్బాయి పుట్టి పెరిగింది అక్కడే. ఇప్పుడు పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుతున్నాడు.

నిరుడు వాళ్ళ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి తీసుకెళ్ళాడు. "హోమ్ గేమ్ నాన్నా" అన్నాడు. తీరా చూస్తే క్యాంపస్‌లో బస్సెక్కి నది దాటాలి! 1925లో కట్టుకున్న సొంత స్టేడియాన్ని 1999లో పడగొట్టేశారు. 2001 నుంచి స్టీలర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు ఆడే స్టేడియంలోనే వీళ్ళ ఆటలూను. 68,000 పైచిలుకు సీట్లు. కుర్రాళ్ళంతా ఒక పక్క గుంపుగా చేరారు. మిగతా చోట్ల ఖాళీగా పసుపురంగు కుర్చీలు.

"ఇది మీది కాదు కదరా?" అన్నాను.

"అరిచేది మేమే కదా నాన్నా!" అన్నాడు.

మా ఉగాది గుర్తొచ్చింది. అద్దె హాలు, టైమైతే తాళం. ఇన్నేళ్ళున్నా మా ఇకామా ఉద్యోగం ఉన్నంతవరకే. వాడికి పుట్టిన ఊరు కూడా సొంతం కాదే అని నాలో నేను కుమిలేవాణ్ణి. వాడికా బెంగ లేదు.

ఈ హాలూ అద్దెదే. సోమవారం ఇంకెవరో వస్తారు. అందాకా ఇది మనదే. వరండాలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లల్ని లోపలికి పిలవండి. వేదిక మీదా కాస్త చోటివ్వండి. వాళ్ళ గొంతు వినపడకపోతే ఎంత పెద్ద హాలైనా ఖాళీయే.