అన్నం తిన్న తరువాత కండరంలో ఏమి జరుగుతుంది?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



చక్కెర జబ్బు మాట రాని విందు మన ఇళ్లలో లేదు. 2019 నాటి జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేషియా పెద్దవారిలో 18.3 శాతం మందికి ఈ జబ్బు ఉండేది. భారతీయ కుటుంబాలలో ఇంకా ఎక్కువ. ఇన్సులిన్ పేరు అందరూ విన్నారు. కాని తొడ కండరంలోని సన్నని రక్తనాళాలలో దానికి ఒక పని ఉన్నదని చాలామందికి తెలియదు. ఈరోజు ఆ సంగతి చెబుతాను.

వెంట్రుక కంటె సన్నని ఆ నాళాలను కేశనాళికలు అంటారు. ఎర్ర రక్తకణాలు వాటిలో ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. విశ్రాంతిలో ఉన్న కండరంలో కొన్నింటిలోనే రక్తం పారుతుందని, పని చేసినప్పుడు మరెన్నో తెరుచుకుంటాయని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ చూపినాడు. 1920లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన భార్య మారీ వైద్యురాలు. ఆమెకు చక్కెర జబ్బు. 1922లో ఆయన టొరంటో వెళ్లి, అంతకుముందు ఏడాది అక్కడ కనుగొన్న ఇన్సులిన్‌ను తయారుచేసే అనుమతి తన దేశానికి తెచ్చుకున్నాడు. తాను పరిశీలించిన నాళాలకూ ఈ మందుకూ గల సంబంధం అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సంబంధం ఇది. నాళం లోపలి గోడకు పలుచని కణాల పొర ఉంటుంది. ఆ కణాల మీద ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రోటీన్లు ఉన్నాయి. వీటినే రిసెప్టర్లు, మన భాషలో గ్రాహకాలు అంటారు. భోజనం చేయగానే రక్తంలో ఇన్సులిన్ పెరిగి వాటికి అంటుకుంటుంది. అప్పుడు ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తాయి. కేశనాళికలకు రక్తం తెచ్చే చిన్న ధమనులు దానితో సడలుతాయి. చక్కెర, ఇన్సులిన్ రెండూ కండర కణాల దగ్గరకు చేరుతాయి. కండర కణాలకూ ఇవే గ్రాహకాలు ఉన్నాయి; అవి చక్కెర లోపలికి పోయే ద్వారాలు తెరిపిస్తాయి.

మన ముత్తాతల ఊళ్లలో వరిచేలకు నీరు పెట్టే పద్ధతి తలచుకోండి. కాలువ నిండుగా ఉన్నా, తూము ఎత్తకపోతే మడికి నీరు రాదు. టైప్ 2 చక్కెర జబ్బు ఉన్నవారిలో ఈ తూము మొరాయిస్తుంది. గ్రాహకం ఇన్సులిన్‌ను పట్టుకున్నా కణం లోపలికి కబురు సరిగా పోదు. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. చిత్రమేమంటే, నాళాన్ని బిగించే ఎండోథెలిన్ అనే పదార్థాన్ని కూడా ఇన్సులినే పుట్టిస్తుంది. ఆ దారి మాత్రం చెడదు!

అయితే తూము ఎత్తేవాడు ఇంకొకడు ఉన్నాడు. కండరం కదిలితే చాలు, ఇన్సులిన్ గ్రాహకంతో పని లేకుండానే నాళాలు విచ్చుకుంటాయి, చక్కెర ద్వారాలు తెరుచుకుంటాయి. జబ్బు ఉన్నవారిలోనూ ఇది జరుగుతుంది. నడక ఆపిన తరువాత కూడా కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు మరునాటి వరకు, కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది.

రబ్బరు తోటలో మన తాతలు తెల్లవారకముందే చెట్టు చెట్టుకూ నడిచి పాలు తీసేవారు. వారి అన్నం అలవాటు మనకు మిగిలింది, ఆ నడక మిగలలేదు. వంశం, వయస్సు కూడా కారణాలే. అన్నం మీదనే నేరం మోపను.

ఇన్సులిన్ సూది, కొన్ని రకాల మాత్రలు వాడేవారు వ్యాయామం కొత్తగా మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. రెండూ కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు. వణుకు, చెమట వస్తే వెంటనే ఏదైనా తీపి తీసుకోవాలి.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. తరువాత కుర్చీలు మడిచి పెట్టడానికి కార్యదర్శి గారు ఎప్పుడూ పిల్లలనే పిలుస్తారు. ఈసారి నా వయస్సు వారిని పిలవవలసిందిగా మనవి.