పాలపళ్లు చెప్పిన సంగతి



పిల్లలకు పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకు విసరడం మనలో చాలా ఇళ్లలో ఉన్న ఆనవాయితీ. అమెరికాలో ఒక వైద్యుడు ఆ పళ్లనే అడిగి తీసుకున్నారు. ఒకటీ రెండూ కాదు, రెండు వేలకు పైగా! ఆయన పేరు డాక్టర్ హెర్బర్ట్ నీడిల్‌మన్. సీసం అనే లోహం పసివాళ్ల మెదడును ఎలా దెబ్బతీస్తుందో తేల్చడానికి తన జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించారు.

సీసమంటే వాహనాల బ్యాటరీల్లో ఉండే బరువైన లోహం. పెన్సిల్లోని నలుపు సీసం కాదు, అది గ్రాఫైటు. ఒంట్లో చేరిన సీసాన్ని శరీరం కాల్షియం అని పొరబడి ఎముకల్లో, పళ్లలో దాచుకుంటుంది. రక్తంలోని సీసం కొన్ని నెలల్లో తగ్గిపోవచ్చు. పంటిలోది మాత్రం చిట్టాలో రాసిన పద్దులా నిలిచిపోతుంది. నీడిల్‌మన్ పళ్లు పోగుచేసింది ఇందుకే.

ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పితేనే సీసపు విషమని అప్పటి వైద్యుల నమ్మకం. పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లల సంగతేమిటి? ఇదీ ఆయన ప్రశ్న. బోస్టన్ దగ్గరి రెండు పట్టణాల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లల పళ్లు పరీక్షించారు. ఎవరి పంటిలో ఎంత సీసముందో తెలియని ఉపాధ్యాయుల చేత, ఆ పిల్లలు తరగతిలో ఎలా ఉంటారో రాయించారు. సీసం పెరిగినకొద్దీ పాఠం మీద నిలకడ తగ్గింది. తల్లిదండ్రుల చదువూ, స్థితిగతులూ లెక్కలోకి తీసుకున్నా, తెలివితేటల పరీక్షలో సుమారు 4 మార్కుల తేడా కనిపించింది. ఈ ఫలితాలు 1979లో అచ్చయ్యాయి. ఆ పిల్లలనే మళ్లీ పరీక్షించి 1990లో మరో సంగతి చెప్పారు: సీసం ఎక్కువున్నవారు హైస్కూలు చదువు మధ్యలో మానేసే అవకాశం ఏడు రెట్లు ఎక్కువ.

ఇది సీసం పరిశ్రమకు రుచించలేదు. ఆ పరిశ్రమ పక్షాన పనిచేసిన ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1991లో ఆయన మీద ఫిర్యాదు చేశారు. విచారణ అందరి ఎదుటా జరగాలని ఆయన పట్టుబట్టారు. 1992లో జరిగింది. మోసమేమీ రుజువు కాలేదు. 2017లో కన్నుమూసే నాటికి ఆయన మాటే లోకం మాట అయింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి 2017 నుంచి కఠినమైన పరిమితి ఉంది.

అయినా ముప్పు పోలేదు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేచోట దుమ్ము, పాత తలుపుల మీద పెచ్చులూడే రంగు, మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీ పసుపు – ఇవన్నీ దారులే. పెద్దవాళ్ల కంటే పసివాళ్ల కడుపు సీసాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. బ్యాటరీ పనికి వెళ్లేవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి. పిల్లలకు భోజనానికి ముందు చేతులు కడిగించండి. రాగిసంకటి, పాలు, ఆకుకూరలు పెట్టండి. కాల్షియం, ఇనుము చాలినంత ఉన్న ఒంట్లోకి సీసం తక్కువగా చేరుతుంది. అనుమానముంటే రక్తపరీక్షతో తేలిపోతుంది.

మన సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష. పిల్లవాడు వెనకబడితే ‘రెండు భాషల గొడవ’ అంటాం, లేదా ‘మొద్దు’ అనేస్తాం. వెనకబడిన ప్రతి బిడ్డకూ సీసమే కారణమని నేను అనను. కానీ ఆ మాట అనేముందు వాడు ఆడుకునే మట్టినీ, తినే తిండినీ, ఇంటి పక్కన లేచే పొగనూ ఒకసారి చూడండి. తప్పు బిడ్డది కాకపోవచ్చు.