ముద్ర పడిన ఉత్తరం

వైరాలో షోయబుల్లా ఖాన్ స్మారకోపన్యాసం చేయమని మీరు పిలిచినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది హైదరాబాదు కాదు, మానుకోట రైల్వే స్టేషను. ఆయన తండ్రి అక్కడ రైల్వే పోలీసు ఉద్యోగి. 1920లో ఆ పక్క సుబ్రవేడులో పుట్టిన పిల్లవాడు పెద్దయి 'తాజ్' పత్రికలో రాశాడు, దాన్ని నిషేధించారు. 'రయ్యత్'లో రాశాడు, దాన్నీ మూయించారు. 1947 నవంబరులో తానే 'ఇమ్రోజ్' పెట్టాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి వెళుతుంటే కాచిగూడ దగ్గర రజాకార్లు కాల్చి, రాసిన చేతిని నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. అప్పటికి ఇరవయ్యెనిమిదేళ్లు నిండలేదు.

ఆ కథ అక్కడితో ముగిసిందని మనం అనుకోవడానికి లేదు. మన మిరప తోటల్లోకి ఏటా కోతలకు వచ్చే కూలీల ఊళ్లను అడగండి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో బాసగూడ అనే ఊరుంది. అక్కడి విలేకరి సాయి రెడ్డిని మావోయిస్టులకు సాయం చేస్తున్నాడని 2008లో పోలీసులు జైల్లో పెట్టారు. అదే సాయి రెడ్డిని 2013 డిసెంబరులో మావోయిస్టులు చంపారు. ఒకే మనిషి రెండు వైపులా శత్రువయ్యాడు, రెండు వైపులా చూసి రాశాడు గనక. ఆ ఊరి యువకుడే ముకేశ్ చంద్రాకర్. సొంతంగా యూట్యూబ్ ఛానల్ నడిపేవాడు. రోడ్డు కాంట్రాక్టులో అక్రమాలు బయటికొచ్చాక, 2025 జనవరి 3న ఒక సెప్టిక్ ట్యాంకులో అతని శవం దొరికింది.

ఇంకా దగ్గరికి వద్దాం. 2016 డిసెంబరులో హైదరాబాదు నుంచి ఏడుగురు అటువైపు నిజనిర్ధారణకు బయల్దేరారు. వాళ్లలో లాయర్లున్నారు, విలేకరులున్నారు. దుమ్ముగూడెం దగ్గరే మన పోలీసులు పట్టుకొని సుక్మా పోలీసులకు అప్పగించారని వాళ్లన్నారు. కాదు, సరిహద్దు దాటాకే దొరికారని పోలీసులన్నారు. రద్దయిన నోట్లు మార్చడానికి వచ్చారని కేసు పెట్టి నెలల తరబడి సుక్మా జైల్లో ఉంచారు. 2024 ఆగస్టులో ఇసుక అక్రమాల మీద వార్త కోసం వచ్చిన నలుగురు బస్తర్ విలేకరుల కారులో చింతూరు దగ్గర గంజాయి 'దొరికింది'. చివరికి కోంటా పోలీసు అధికారి మీదే కేసు పెట్టాల్సి వచ్చింది. చింతూరు నిన్నమొన్నటిదాకా మన ఖమ్మం జిల్లాయే కదా.

ఇలాంటి మనిషి జైలుకు వెళ్లాక మనం ఏం చేయగలం? సభలు పెడతాం, తీర్మానాలు చేస్తాం. అవీ కావాలి. కానీ నేను అడిగేది అంతకంటే చిన్న పని: ఉత్తరం రాయండి.

1961 మే 28న లండన్ 'అబ్జర్వర్'లో పీటర్ బెనెన్సన్ అనే లాయరు రాసిన ఒక్క వ్యాసం నుంచే ఆమ్నెస్టీ ఉద్యమం పుట్టింది. దాని ఆయుధం ఉత్తరమే. జైలుగోడల మధ్య రాత మనకూ కొత్తేమీ కాదు. గార్ల ప్రాంతపు దాశరథి నిజామాబాదు జైల్లో బొగ్గుతో గోడమీద కవిత్వం రాశారు. అమలాపురం బిడ్డ ప్రొఫెసర్ సాయిబాబా చక్రాల కుర్చీలో నాగపూర్ జైల్లో ఉండి ఇంటికీ స్నేహితులకూ రాసిన కవితలూ ఉత్తరాలే 2022లో పుస్తకమయ్యాయి. 2024 మార్చిలో ఆయన నిర్దోషిగా బయటికొచ్చారు, అక్టోబరులో పోయారు. ఆ ఏడు నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

జైలుకు వెళ్లిన ఉత్తరాన్ని ఖైదీ కంటే ముందు సిబ్బంది చదువుతారు. చదివి ముద్ర వేస్తారు. చాలామంది ఇందుకే వెనకాడతారు. నేను మాత్రం ఆ ముద్ర కోసమే రాయమంటాను. వారానికో ఉత్తరం వచ్చే ఖైదీని బయట ఎవరో లెక్కపెట్టుకుంటున్నారని లోపలివాళ్లకు తెలుస్తుంది. అతనికి జ్వరమొస్తే, అతన్ని వేరే జైలుకు మారిస్తే, అడిగేవాళ్లున్నారని తెలుస్తుంది. ఉత్తరాలు రాని ఖైదీకి ఆ పాటి అండ కూడా ఉండదు.

కేసు సంగతులు రాయకండి. అది లాయరు పని. ధైర్యం చెప్పే పెద్ద మాటలూ వద్దు, ధైర్యం లేకపోతే అతను అక్కడిదాకా వెళ్లేవాడే కాదు. కవరు మీద పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు సరిగ్గా ఉండాలి. అవతలి రాష్ట్రపు జైలుకైతే హిందీలో రాయడం మేలు. అలాంటి జైల్లోని ఒక ఖైదీకి నేను తెలుగులో రాసిన మొదటి ఉత్తరం చదివే దిక్కులేక తిరిగొచ్చింది. రెండోది పిల్లల హిందీ మాస్టారి చేత రాయించాను. ఖమ్మం మార్కెట్లో మిర్చి ధర, మా వీధిలో పెళ్లి, వైరా రిజర్వాయరులో నీళ్లు, ఇవే సంగతులు. నెలన్నరకు జవాబొచ్చింది. పైన నీలం ముద్ర, లోపల ఆరు వరుసలు. ఎన్నడూ వైరా చూడని మనిషి చివరి వరుసలో అడిగాడు: అలుగు పడిందా?

ఆ సాయంత్రమే కట్ట మీదికి వెళ్లి చూసొచ్చాను. ఇంకా రెండడుగులు తక్కువుంది. అదే రాశాను.